ఇంజన్ షెడ్డు: కానుగ నూనె పోస్తే ఆయిల్ ఇంజన్ నడుస్తుందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ముప్పాతిక వంతు ఒక్క సంగతే అడిగాయి. డీజిల్ కాకుండా ఇంకేం పోస్తే ఇంజన్ నడుస్తుంది? 2017 జూన్‌లో డీజిల్ రేటును ఏ రోజుకారోజు మార్చే పద్ధతి వచ్చింది కదా, ఆ రేటు ఎగబాకిన వారమల్లా నాకు ఉత్తరాలు పెరుగుతాయి. తణుకు దగ్గర షెడ్డు పెట్టి నలభై రెండేళ్లయింది. అప్పట్నించీ ఇదే ప్రశ్న. నూనె పేరు మారుతుంది, అంతే.

ప్ర: మాది ఉండి మండలం. మూడెకరాలు కౌలుకు చేస్తున్నాను. కరెంటు కనెక్షన్ ఆసామి పేరున తీసుకోవాలి, ఆయన ఊళ్లో ఉండడు. అందుకని పాత ఐదు హార్స్‌పవర్ ఆయిల్ ఇంజన్‌తో కాలవ నీళ్లు తోడుకుంటున్నాను. గంటకు లీటరు పైనే తాగుతోంది. సగానికి సగం కిరోసిన్ కలుపుకోమని పక్క చేను అతను అంటున్నాడు. కలపొచ్చా?

జ: కలిపితే నడుస్తుంది తమ్ముడూ. అదే గొడవ. మొదటిరోజే మొరాయిస్తే మీరే మానేసేవారు. చక్కగా నడుస్తుంది, పొగ కూడా కాస్త తగ్గినట్టు కనబడుతుంది, పంట చివరికి వచ్చేసరికి బిల్లు వస్తుంది.

ఇంజన్‌లో మీరు పోసే ఇంజన్ ఆయిల్ అందని చోటు ఒకటుంది. ఫ్యూయల్ పంపులో డీజిల్‌ను నెట్టే ఎలిమెంటు, దాన్ని సిలిండర్‌లోకి చిమ్మే నాజిల్‌లో సూది. వాటిని తడిపేది డీజిలే. వెంట్రుక దూరే సందు కూడా లేకుండా చేసిన సామాన్లవి. కిరోసిన్ పల్చన, దానికి ఆ జిడ్డు లేదు. ఇనుము మీద ఇనుము రాసుకుంటుంది. రేషన్ షాపుల్లో నీలం కిరోసిన్ పుష్కలంగా దొరికిన రోజుల్లో, ఒక దాళ్వా నాట్లు అయ్యాక మా బల్ల మీద పదకొండు పంపులు వరసగా పెట్టాను. అద్దంలా ఉండాల్సిన ఎలిమెంట్ల మీద నిలువునా గీతలే. అడిగితే ఒక్కరూ కిరోసిన్ పోశామని ఒప్పుకోలేదు. ట్యాంకు మూత తీసి వాసన చూస్తే చాలు కదా! నేనేమీ అనలేదు, ఎలిమెంటు మార్చి డబ్బులు తీసుకున్నాను. దీపానికీ పొయ్యికీ ఇచ్చే ఆ కిరోసిన్‌ను ఇంజన్‌లో పోయడం నేరం కూడానండి.

పెట్రోల్‌తో స్టార్ట్ చేసి కిరోసిన్ మీదకు తిప్పే చిన్న ఇంజన్లు వేరే ఉన్నాయి. వాటికి స్పార్క్ ప్లగ్గు ఉంటుంది. కిరోసిన్ వాటిది. మీ ఇంజన్‌ది కాదు.

మీ ఉత్తరంలో నాకు కిరోసిన్ కంటే ఆ 'లీటరు పైనే' అన్న మాట ఎక్కువ పట్టింది. ఐదు హార్స్‌పవర్ ఇంజన్ నిండు బరువు మీద గంటకు లీటరు, ఇంకాస్త తాగుతుంది. నిజమే. కానీ కాలవలోంచి పక్క చేలోకి రెండు మూడు మీటర్లు ఎత్తడానికి నిండు బరువు పడకూడదు. పడుతోందంటే ఎక్కడో తేడా ఉంది. ముందు ఇంజన్ కింద ఒక అట్టముక్క పెట్టి చూడండి. సెకనుకో చుక్క కారితే పగలూ రాత్రీ కలిపి నాలుగు లీటర్లు నేలపాలు. తర్వాత నాజిల్ విప్పి టెస్టర్ మీద పెట్టించండి. ఈ రకం ఇంజన్లలో చాలావాటికి 200 కేజీల ఒత్తిడి దగ్గర తెరుచుకుని పొగమంచులా చిమ్మాలి. పిచికారీలా తీగ సాగిందంటే మీ డబ్బు సైలెన్సర్ లోంచి నల్లగా పోతోందన్న మాట.

ఇంకోటి ఎవరూ పట్టించుకోరు. డెలివరీ గొట్టం నుంచి సన్న ట్యూబు తీసి చల్లటి కాలవ నీళ్లు, ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు తిరిగే జాకెట్‌లోకి ధారగా వదిలేస్తారు. ఇంజన్ చల్లగా ఉంటే ఎక్కువకాలం బతుకుతుందని నమ్మకం. చల్లటి ఇంజన్‌లో డీజిల్ సరిగ్గా కాలదు. ఆ ట్యూబుకు ఒక కాక్ పెట్టి నీళ్లు తగ్గించండి. బయటికొచ్చే నీళ్లలో చెయ్యి పెడితే వెంటనే తీసేయాలనిపించాలి. అరవై డెబ్బై డిగ్రీలు ఉండాలి. కాక్‌కు అయ్యే ఖర్చు ఎంతో మీకు తెలుసు.

ప్ర: మాది ఆసిఫాబాద్ జిల్లా. మా మహిళా సంఘం వాళ్లం కానుగ గింజలు ఏరి వ్యాపారికి అమ్ముతాం. దగ్గర్లో గానుగ మిల్లు ఉంది. గింజలు అమ్మి డీజిల్ కొనేకంటే ఆ నూనెనే మా పాత ఇంజన్‌లో పోసుకోవచ్చు కదా అని మా సంఘంలో ఒకామె అంది. అందరూ నవ్వారు. నిజంగా కుదరదా?

జ: నవ్వినవాళ్లకు ఈ పేజీ చూపించు చెల్లెమ్మా. కుదురుతుంది. మీ జిల్లాలోనే జైనూరు వైపు పవర్‌గూడ అని ఒక గూడెం ఉంది. అక్కడి మహిళా సంఘం కానుగ మొక్కలు పెంచి, నూనె తీసింది. డీజిల్ బదులు ఆ నూనె వాడితే గాలిలోకి పోకుండా మిగిలే కర్బనానికి 147 టన్నులని లెక్కగట్టి 2003లో ప్రపంచ బ్యాంకు వాళ్లకు 645 డాలర్లు ఇచ్చింది. అంతకంటే ముందుకు వెళ్తే, 1900లో పారిస్ ప్రదర్శనలో రుడాల్ఫ్ డీజిల్ కనిపెట్టిన ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. తేడా చాలామందికి తెలియనే లేదని డీజిలే తర్వాత చెప్పుకున్నాడు.

ఇక చిక్కు దగ్గరికి వద్దాం. ఏ గింజ నూనె అయినా డీజిల్ కంటే సుమారు పదిరెట్లు చిక్కన. నాజిల్ దాన్ని సన్నగా చిమ్మలేదు. పెద్ద చుక్కలు సగం కాలి నాజిల్ మూతి చుట్టూ బొగ్గులా పేరుకుంటాయి, పిస్టన్ రింగుల సందుల్లో జిగురు పడుతుంది, కాలని నూనె పిస్టన్ ఆడే లైనర్ వెంబడి దిగి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఇంత జరిగినా మొదటి నెల ఇంజన్ పాట పాడుతూనే ఉంటుంది. అందుకని నేను చెప్పే పద్ధతి తప్పకుండా పాటిస్తేనే మొదలుపెట్టండి.

తాజా నూనె తెచ్చుకోండి. నిలవున్న నూనె పులుస్తుంది, పులిసింది లోహాన్ని తింటుంది. డ్రమ్ములో వారం రోజులు కదపకుండా పెడితే మడ్డి అడుగుకు దిగుతుంది. పైది మాత్రం తీసి రెండు మడతల మందపాటి గుడ్డలో వడకట్టాలి. ఇంజన్‌కు రెండు ట్యాంకులు బిగించండి, ఒకటి డీజిల్‌కు, ఒకటి నూనెకు, మధ్యలో త్రీవే కాక్. నూనె ట్యూబు రాగిది తీసుకుని సైలెన్సర్ గొట్టం చుట్టూ నాలుగైదు చుట్లు తిప్పితే పంపు దగ్గరికి వచ్చేసరికి నూనె వేడెక్కి పల్చబడుతుంది. స్టార్టింగ్ ఎప్పుడూ డీజిల్ మీదే. పది నిమిషాలు నడిచి జాకెట్ నీళ్లు వేడెక్కాక నూనెకు తిప్పండి. ఆపేముందు మళ్లీ డీజిల్‌కు తిప్పి పది నిమిషాలు నడపాలి. ఈ చివరి పది నిమిషాలే అందరూ ఎగ్గొట్టేది. పొద్దుపోయింది, ఇంటికెళ్లాలి, రేపు చూద్దాంలే అంటారు. రేపు హ్యాండిల్ తిరగదు.

ఇవేవీ పెట్టుకోలేమంటే డీజిల్‌లో ఐదో వంతుకు మించకుండా నూనె కలిపి వాడండి. అప్పుడు కూడా ఇంజన్ ఆయిల్‌ను మామూలుగా మార్చే గంటల్లో సగానికే మార్చాలి. నెలకోసారి నాజిల్ విప్పించాలి.

డబ్బు లెక్క మీరే వేసుకోండి, గింజ ధర మీకే తెలుసు. మిల్లులో నాలుగు కిలోల పప్పుకు సుమారు లీటరు నూనె దిగుతుంది. ఆ నాలుగు కిలోలకు వ్యాపారి ఇచ్చే సొమ్ము, మిల్లు కూలి కలపండి. అందులోంచి, నూనె పిండాక మిగిలే చెక్క విలువ తీసెయ్యండి. కానుగ చెక్క పొలానికి మంచి ఎరువు, పశువులకు మాత్రం పెట్టకూడదు, చేదూ విషమూను. మిగిలింది డీజిల్ ధరకు బాగా తక్కువ ఉంటేనే మొదలుపెట్టండి. కొద్దిపాటి తేడాకైతే వద్దు, దాన్ని నాజిలే మింగేస్తుంది. చెట్లు మీవి, ఏరే చేతులు మీవి కాబట్టి మీకు కలిసిరావచ్చు. బజారులో నూనె కొని పోసేవాడికి కలిసిరాదు.

సంఘంలో ఎవరికైనా కొత్త ట్రాక్టర్ ఉంటే, అందులోనూ కంప్యూటర్ చెప్పినట్టు డీజిల్ చిమ్మే సీఆర్‌డీఐ రకమైతే, దాని దగ్గరికి ఈ నూనె డబ్బా తీసుకెళ్లొద్దు. ఇదంతా పాత, మొండి ఇంజన్ల సంగతి.

ప్ర: మా బావకు భీమవరంలో హోటల్ ఉంది. గారెలు, బజ్జీలు వేయించిన నూనె వారానికో డబ్బా పారబోస్తాడు. ఊరికే వస్తుంది కదా, వాడుకోనా?

జ: ఊరికే వచ్చిందని నేనూ ఒకసారి వాడాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. షెడ్డులో జనరేటర్ తిప్పే ఇంజన్ ఒకటి ఉండేది. తెలిసిన హోటలాయన డ్రమ్ము నూనె ఇచ్చాడు. వడకట్టాను, పోశాను, రెండు వారాలు ఊరందరికీ గొప్పలు చెప్పాను. సైలెన్సర్ దగ్గర మిరపకాయ బజ్జీ వాసన వచ్చేది, కుర్రాళ్లు నవ్వేవాళ్లు. సంక్రాంతి ముందు చలిలో ఒక రాత్రి డీజిల్ మీదకు తిప్పకుండానే ఆపేసి పండక్కి అత్తారింటికి వెళ్లాను. వచ్చి హ్యాండిల్ పట్టుకుంటే కదల్లేదు. విప్పితే రింగులు పిస్టన్‌కు అతుక్కుపోయాయి, అడుగున ఇంజన్ ఆయిల్ తాటి తాండ్రలా ఉంది. గరిటెతో తీశాను. లైనరు, పిస్టను, రింగులు, నాజిలు అన్నీ కొత్తవి. డ్రమ్ము నూనె ఊరికే వచ్చిందన్న మాట అప్పట్నించీ మా ఆవిడ మర్చిపోలేదు.

వేయించిన నూనెలో ఉప్పుంటుంది, తేమ ఉంటుంది, పిండి మాడిన నుసి ఉంటుంది. పదేపదే కాగినందువల్ల చిక్కబడి ఉంటుంది. కానుగ నూనెతో వచ్చే తంటాలన్నీ దీంతో రెండింతలు. మీ బావగారికి మంచి దారి ఇంకోటి ఉంది. వాడేసిన నూనెను సేకరించి బయోడీజిల్ చేయించేందుకు కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో రూకో అనే కార్యక్రమం పెట్టింది. అనుమతి ఉన్న సేకరణదారులు డబ్బిచ్చి పట్టుకెళ్తారు. ఆ బయోడీజిల్ మనమే ఇంట్లో చేసుకుందామని మాత్రం అనుకోకండి. దానికి మిథనాల్ కావాలి. అది గొంతులోకి పోతే కళ్లు పోతాయి, ప్రాణమూ పోతుంది. పగటి వెలుగులో దాని మంట కంటికి కనబడదు. పశువుల పాకలో చేసే పని కాదండి.

ప్ర: నాగర్‌కర్నూల్ నుంచి రాస్తున్నాను. మాకు ఆముదం పండుతుంది. కానుగ పనికొస్తే ఆముదం ఎందుకు పనికిరాదు?

జ: మీ ఇంజన్ ఆముదం తాగిన మొహం పెడుతుంది కాబట్టి. మిగతా నూనెలు డీజిల్‌కు పదిరెట్లు చిక్కనైతే, ఆముదం వాటికి ఆరేడు రెట్లు చిక్కన. పైగా డీజిల్‌లో సరిగ్గా కలవదు, విడిపోయి అడుగున కూర్చుంటుంది. కానీ ఆముదాన్ని చిన్నచూపు చూడొద్దు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల ఇంజన్లకు కందెనగా పోసింది ఆముదాన్నే. క్యాస్ట్రాల్ అనే పేరు కూడా క్యాస్టర్, అంటే మన ఆముదం, నుంచి వచ్చిందే. మండించడానికి కాదు, జారడానికి పుట్టిన నూనె అది. అమ్ముకోండి, డీజిల్ కొనుక్కోండి.

ప్ర: మా డెయిరీలో నలభై గేదెలు. గోబర్ గ్యాస్ ప్లాంటు కట్టించాం. వంటకు పోగా గ్యాసు మిగులుతోంది. డీజిల్ ఇంజన్‌కు ఇవ్వొచ్చా?

జ: ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది ఇదే. ఇవ్వొచ్చు. నిజంగా డీజిల్ మిగిలేది ఇక్కడేనండి, ఎందుకంటే ఇంధనం మీ దొడ్లోనే పుడుతోంది.

గ్యాసు ఒక్కదానితో డీజిల్ ఇంజన్ నడవదు, అంటించడానికి స్పార్క్ లేదు కదా. కొద్దిగా డీజిల్ చిమ్ముతూనే ఉండాలి. అది అంటుకుని గ్యాసును అంటిస్తుంది. ఎయిర్ క్లీనర్‌కూ ఇంజన్‌కూ మధ్య గొట్టంలో T ఆకారపు ముక్క ఒకటి పెట్టి, గ్యాసు పైపును ఒక వాల్వుతో అక్కడ కలపండి. డీజిల్ మీద స్టార్ట్ చేసి, ఇంజన్ వేడెక్కాక వాల్వు కొంచెం కొంచెంగా తెరవండి. మీరేం చెయ్యక్కర్లేదు, ఇంజన్ వేగాన్ని అదుపులో ఉంచే గవర్నరే డీజిల్ తగ్గించేస్తుంది. సరిగ్గా కుదిరితే ఎనభై శాతం దాకా డీజిల్ మిగులుతుంది. ఇంజన్ దగ్గినట్టు శబ్దం మారిందంటే గ్యాసు ఎక్కువైంది, వెనక్కి తిప్పండి. డీజిల్ మరీ పిసరంత చేస్తే నాజిల్ మూతి చల్లబడక మాడుతుంది.

లెక్క చెప్తాను. గంటకు ఒక హార్స్‌పవర్‌కు సుమారు 0.42 ఘనమీటర్ల గ్యాసు కావాలి. ఐదు హార్స్‌పవర్‌కు రెండు ఘనమీటర్ల పైచిలుకు. కిలో పేడకు 40 లీటర్ల గ్యాసు వస్తుందనుకుంటే, యాభై కిలోల పేడ ఒక గంట నడుపుతుంది. అంటే ఇళ్లకు కట్టే రెండు ఘనమీటర్ల ప్లాంటు రోజంతా కూడబెట్టింది ఒక్క గంటకు సరి. రెండు గేదెలున్నవాళ్లు నన్ను ఇది అడగొద్దు, వంట చేసుకోండి. నలభై ఉన్న మీకు బాగానే గిట్టుబాటు.

ఒక్కటే శత్రువు. గ్యాసులో కుళ్లిన గుడ్డు వాసన వస్తుందే, ఆ గంధకం వాయువు బుష్‌లను, వాల్వులను తినేస్తుంది. మా లేత్ కింద పడే ఇనుప చెక్కు ఉంటుంది కదా, దాన్ని తుప్పు పట్టనిచ్చి ఒక డబ్బాలో నింపి గ్యాసును అందులోంచి పోనివ్వండి. తుప్పు ఆ గంధకాన్ని పట్టేసుకుంటుంది. నల్లబడ్డాక తీసి గాలికి ఆరబెడితే మళ్లీ కొన్నాళ్లు పనికొస్తుంది. బయటికి తీసిన కొత్తలో వేడెక్కుతుంది, గడ్డివాము పక్కన మాత్రం ఆరబెట్టకండి. చెక్కు మా షెడ్డుకొస్తే బస్తా ఊరికే ఇస్తాను. ఈసారి నిజంగానే ఊరికే.

ప్ర: ఇంట్లో వంటగ్యాస్ సిలిండర్ నుంచి ట్యూబు లాగి బావి దగ్గర ఇంజన్‌కు ఇస్తే?

జ: వద్దు బాబూ. వంట సిలిండర్ ఇంజన్‌కు పెట్టడం చట్టానికి విరుద్ధం. అది అలా ఉంచండి. ఈ గ్యాసు గాలికంటే బరువు. మీ ఇంజన్ బావి పక్క గోతిలో ఉందని రాశారు. లీకైన గ్యాసు ఎగిరిపోదు, ఆ గోతిలోనే నీళ్లలా నిలబడుతుంది. బీడీ వెలిగించుకునేవాడు ఒక్కడు చాలు.

ప్ర: నాకు ఎనభై ఎనిమిదేళ్లు, తెనాలి. చిన్నప్పుడు బొగ్గు బస్సు ఎక్కాను. వెనకాల కొలిమి, దాని పక్కన ఒక కుర్రాడు చక్రం తిప్పేవాడు. బొగ్గుతో బస్సు నడిచినప్పుడు ఇంజన్ ఎందుకు నడవదు?

జ: నమస్కారం బాబాయిగారూ. నేను ఎక్కలేదు గానీ మా గురువుగారు ఆ కొలిమికి గాలి కొట్టే పని చేసేవారట. పెట్రోల్‌కు రేషన్ పెట్టిన యుద్ధం రోజుల్లో వచ్చాయవి. గాలి చాలకుండా బొగ్గును మండిస్తే ఒక వాయువు పుడుతుంది, దాంతో ఇంజన్ నడుస్తుంది. డీజిల్ ఇంజన్‌కైతే గోబర్ గ్యాసులాగే కొంచెం డీజిల్ తోడుంటే చాలు. పని చేస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ ఆ వాయువులో మండే భాగం చాలావరకు కార్బన్ మోనాక్సైడే. రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన షెడ్డులో ఒకపూట లీకైతే మనిషి నిద్రపోయినట్టే పోతాడు. దానికితోడు తారు. వాయువును చల్లార్చి వడకట్టకపోతే వాల్వులు అతుక్కుపోతాయి. మన జిల్లాల్లో ఊక గుట్టలుగా ఉందని దాన్ని వాడదామనేవాళ్లూ ఉన్నారు. ఊకలో ఐదో వంతు బూడిదే, తారు మరీ ఎక్కువ. ఒక మనిషి పొద్దస్తమానం కాచుకుని కూర్చోవాల్సిన పని. మీ రోజుల్లో ఆ కుర్రాడికి జీతం ఎంతిచ్చేవారో గుర్తుంటే రాయండి.

ప్ర: తైవాన్ స్ప్రేయర్ నెల రోజులు పక్కన పెడితే స్టార్ట్ కావడం లేదు. పెట్రోల్ కల్తీయా?

జ: కల్తీ కాకపోవచ్చు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. అది గాలిలో తేమను పీలుస్తుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. మందు కొట్టడం అయిపోయిన రోజే ట్యాంకు వంచేసి, కార్బొరేటర్‌లో ఉన్నది అయిపోయేదాకా నడిపి ఆపండి. టూ స్ట్రోక్ రకమైతే ఆయిల్ కలిపిన పెట్రోల్ సీజన్లు దాటించి నిలవ పెట్టొద్దు.

ప్ర: కిందటి నెల మీరు చెప్పినట్టే డెలివరీ గొట్టం దించాను, ఫుట్‌వాల్వు మార్చాను. రోజుకు లీటరు పైనే మిగులుతోంది. కానీ నీళ్లు పైనుంచి దూకకపోతే ఇంజన్‌లో దమ్ము లేనట్టుందని మా నాన్న గొట్టం మళ్లీ పైకెత్తమంటున్నాడు. ఏం చెప్పను?

జ: ముందు మిగతా పాఠకులకు రెండు ముక్కలు. ఇతను కాలవ మట్టం నుంచి మొత్తం రెండున్నర మీటర్లు ఎత్తేవాడు. అందులో గొట్టం చివర గట్టు మీద అర మీటరు పైకి లేచి ఉండేది. ఆ అర మీటరు అంటే మొత్తం ఎత్తులో ఐదో వంతు, ఇంజన్ కష్టంలోనూ ఐదో వంతు. పైకెత్తి కింద పడేయడానికి కాల్చిన డీజిల్ అది. నీళ్లు పీల్చే సక్షన్ పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వు జాలీ కూడా సగం నాచుతో మూసుకుపోయి ఉండేది. ఫుట్‌బాల్ అని రాసేవాళ్లూ ఉన్నారు, నాకు అర్థమవుతుంది, రాయండి. వీలైతే సక్షన్ పైపు రెండున్నర అంగుళాలది తీసి మూడు అంగుళాలది వెయ్యండి. అన్నే నీళ్లకు పైపులో రాపిడి రెండున్నర రెట్లు తగ్గుతుంది.

నాన్నగారి సంగతి. మా నాన్నా అంతే. నీళ్లు నిలువెత్తు నుంచి దూకి, ఎండలో మెరిసి, నాలుగు పొలాల అవతలికి చప్పుడు వినబడితేనే ఇంజన్ ఉన్నట్టు. ఆయనతో వాదించకండి. గొట్టం మూతి దగ్గర ఒక బకెట్టు పెట్టండి. ఇప్పుడు ఎన్ని సెకన్లలో నిండుతోందో ఆయన చేతే లెక్కబెట్టించండి. తర్వాత ఇంజన్ స్పీడు ముట్టుకోకుండా ఆయన చెప్పినంత ఎత్తుకు గొట్టం లేపి మళ్లీ లెక్కబెట్టించండి. బకెట్టు పెద్దది తీసుకోండి, వీలైతే డ్రమ్మే పెట్టండి. చిన్నదైతే తేడా తెలిసేలోపే నిండిపోతుంది, ఆయనే నెగ్గుతారు.